కేబుల్ తీయించినా, ల్యాండ్‌లైన్ సరెండర్ చేసినా: కాగితం మీద మూసేదాకా కనెక్షన్ ఉన్నట్టే

"కేబుల్ తీయించేశాం" అని చెప్పుకునే ఇళ్లలో చాలాచోట్ల నిజానికి జరిగింది ఒక్కటే. నెల డబ్బుల కోసం గుమ్మంలోకి వచ్చిన కుర్రాడితో "వచ్చే నెల నుంచి వద్దు బాబూ" అన్నారు, అతను సరేనని వెళ్లిపోయాడు. డబ్బా టీవీ కింద అలాగే ఉంది. వైరు కిటికీలోంచి అలాగే వేలాడుతోంది. కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ పేరు కంపెనీ కంప్యూటర్లో చెక్కుచెదరలేదు. ల్యాండ్‌లైన్ సంగతి ఇంకో రకం. ఫోను మూగబోయి నెలలు గడుస్తాయి, పలకని ఫోనుకు బిల్లెందుకని కట్టడం మానేస్తారు. కొన్నాళ్లకు బకాయి నోటీసు వస్తుంది. ఎప్పుడో కట్టిన డిపాజిట్టు ఆ బకాయి కిందే జమైపోయిందని అప్పుడు తెలుస్తుంది.

ఏ కనెక్షన్‌కైనా మూడు ముడులుంటాయి: డబ్బు, పరికరం, పేరు. ఈ మూడింటినీ విడివిడిగా విప్పాలి. ఒకటి విప్పితే మిగతా రెండూ వాటంతటవే ఊడిపోతాయనుకున్న దగ్గరే గొడవ మొదలవుతుంది.

కేబుల్: చెప్పాల్సింది ఇద్దరికి

ఇంటికి వచ్చి డబ్బులు తీసుకెళ్లే లోకల్ ఆపరేటరు వెనక ఎంఎస్ఓ అనే పెద్ద సంస్థ ఉంటుంది. ఛానెళ్ల సిగ్నల్ ఆ సంస్థది, సెట్‌టాప్ బాక్సుకు తాళం వేసేదీ తీసేదీ ఆ సంస్థ సర్వరే. అనలాగ్ రోజుల్లో ఇంత తతంగం లేదు. స్తంభం మీద వైరు పీకేస్తే కనెక్షన్ పోయినట్టే. 2011 చట్ట సవరణతో డిజిటైజేషన్ మొదలయ్యాక (హైదరాబాదు, విశాఖపట్నం రెండో దశలో, 2013 మార్చి గడువుతో మారాయి) లెక్క మారింది. ఇప్పుడు సిగ్నల్ వీధిలోని అందరి వైర్లలోనూ పారుతుంది. ఏ నంబరు డబ్బాకు ఏ ఛానెళ్లు తెరవాలో సర్వరు చెబుతుంది. కాబట్టి ఆపరేటరు "తీసేశాను" అన్నంత మాత్రాన తీసేసినట్టు కాదు. మీ కస్టమర్ ఐడీ ఎంఎస్ఓ దగ్గర డీయాక్టివేట్ కావాలి.

అందుకు కావలసిన వివరాలు ఇంట్లోనే ఉంటాయి. డబ్బా అడుగున స్టిక్కరు మీద సీరియల్ నంబరు ఉంటుంది. రిమోట్‌లో మెనూ నొక్కి, సిస్టమ్ సమాచారం అన్న పేజీకి వెళ్తే స్మార్ట్ కార్డు నంబరో, వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరో కనిపిస్తుంది. ఈ రెండింటినీ డబ్బా పనిచేస్తున్నప్పుడే ఫోటో తీసి పెట్టుకోవాలి. కనెక్షన్ ఆగిపోయాక కొన్ని డబ్బాల్లో మెనూ కూడా తెరుచుకోదు. అప్పుడు స్టిక్కరు ఒక్కటే దిక్కు, అదేమో టీవీ స్టాండు వేడికి అక్షరాలు వెలిసిపోయి ఉంటుంది.

ఈ నంబర్లతో ఎంఎస్ఓ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫలానా తేదీ నుంచి కనెక్షన్ వద్దని చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. అదే సంగతి కాగితం మీద రాసి ఆపరేటరుకు ఇవ్వాలి. కోరుకున్న తేదీకి కనీసం 15 రోజుల ముందే ఇస్తే "ఈ నెల బిల్లు అప్పటికే తయారైపోయింది" అన్న మాటకు తావుండదు. ఉత్తరం పెద్దది అక్కర్లేదు. "నా పేరున ఉన్న ఫలానా కస్టమర్ ఐడీ, ఫలానా సెట్‌టాప్ బాక్సు నంబరు గల కనెక్షన్‌ను ఫలానా తేదీ నుంచి పూర్తిగా రద్దు చేయగలరు. ఆ తేదీ వరకు బకాయి ఏమీ లేదని, బాక్సు తిరిగి ముట్టిందని రసీదు ఇవ్వగలరు. డిపాజిట్టు, మిగిలిన చందా ఈ ఖాతాకు జమ చేయగలరు." ఇంతే చాలు. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ఆపరేటరు సంతకం, తేదీ వేయించుకోవాలి. సంతకానికి మొహమాటపడితే అదే కాగితాన్ని వాట్సాప్‌లో పంపినా పరవాలేదు. చేరినట్టు, చదివినట్టు గుర్తు, తేదీ రెండూ మిగులుతాయి.

డబ్బా ఎవరిది?

వాదన ఎక్కువగా జరిగేది ఇక్కడే. నియమాల ప్రకారం డబ్బాను పూర్తిగా కొనుక్కోవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు, వాయిదాల మీద తీసుకోవచ్చు. మన ఊళ్లలో మాత్రం ఏ పద్ధతిలో ఇస్తున్నదీ చెప్పకుండానే డబ్బులు తీసుకున్న సందర్భాలు కొల్లలు. ఇచ్చినవాళ్లు దాన్ని డిపాజిట్ అనుకుంటారు, తీసుకున్నవాళ్లు డబ్బా ధర అంటారు. ఆపరేటరు వైపు నుంచి చూస్తే అదీ పూర్తిగా అబద్ధం కాదు. అతను ఆ డబ్బాకు ఎంఎస్ఓకు ముందే సొమ్ము కట్టి తెచ్చుకుని ఉంటాడు. తన దగ్గర లేని డబ్బును తిరిగి ఇమ్మంటున్నారనే అతని గోడు. తేల్చేది రసీదు ఒక్కటే. రసీదు మీద డిపాజిట్ అనో, తిరిగి ఇవ్వదగినది అనో ఉంటే డబ్బా అప్పగించి ఆ సొమ్ము అడగొచ్చు. ధర అని ఉంటే డబ్బా మీదే, డబ్బు తిరిగిరాదు.

కొనుక్కున్న డబ్బా అయినా ఇంకో కేబుల్‌కు పనిచేయదు. ఒక్కో ఎంఎస్ఓకు తనదైన తాళం పద్ధతి ఉంటుంది, స్మార్ట్ కార్డు ఆ డబ్బాతోనే జతపడి ఉంటుంది. కాబట్టి "డబ్బా ఉంది కదా, పక్క వీధి ఆపరేటరు దగ్గర కలుపుకుంటాం" అనే ఆలోచన కుదరదు. దాన్ని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వడమే మిగిలిన దారి.

డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు రిమోటు, అడాప్టరు, హెచ్‌డీఎంఐ తీగ కూడా కలిపి ఇచ్చి, వాటి పేర్లు రసీదులో రాయించుకోవాలి. అడాప్టరు లేదన్న నెపంతో డిపాజిట్టులో కోత పెట్టడం మామూలే.

తీయించడమా, తగ్గించుకోవడమా

అసలు తీయించాలా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. బిల్లులో రెండు భాగాలుంటాయి. ఒకటి నెట్‌వర్క్ రుసుము, అంటే వైరు ఇంటిదాకా తెచ్చినందుకు కట్టేది. రెండోది పే ఛానెళ్ల ధర. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన కొత్త టారిఫ్‌లో నెట్‌వర్క్ రుసుముకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పరిమితి 130 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2020 సవరణతో అదే 130కి 200 ఛానెళ్లు వచ్చాయి. 2024 జులైలో ఆ పరిమితినే ఎత్తేసి, రుసుము ఎంతన్నది కంపెనీలకే వదిలేశారు. అందుకే ఇప్పుడు పక్కపక్క వీధుల్లో కూడా లెక్క ఒకేలా ఉండకపోవచ్చు. బిల్లు విడదీసి చూపించమని అడగడం మీ హక్కు.

ఆ బిల్లు చూస్తే ఒక్కోసారి నిర్ణయం మారుతుంది. వార్తలు, దూరదర్శన్, భక్తి ఛానెళ్లు తప్ప చూడని ఇంట్లో ఎవరూ అడగని బొకేలు, అంటే కలిపి అమ్మే ఛానెళ్ల గుత్తులు, రెండు మూడు పడి ఉంటాయి. వాటిని తీయిస్తే మిగిలేది నెట్‌వర్క్ రుసుము ఒక్కటే. ఉచిత ఛానెళ్లకు విడిగా ధర ఉండదు. బొకే తీసేసి కావలసిన ఛానెల్ ఒక్కటే విడిగా పెట్టించుకోవచ్చు కూడా. బొకేలో చేర్చే ఏ ఛానెల్ ధరా విడిగా 19 రూపాయలు దాటకూడదని 2022 నవంబరులో ట్రాయ్ నియమం పెట్టింది కాబట్టి, ఒకటి రెండు ఛానెళ్ల కోసమే బొకే మోస్తున్నవాళ్లకు ఈ కూడిక చేసి చూడడం లాభం.

ఊరెళ్తున్నామని, పిల్లల పరీక్షలని కొన్నాళ్లపాటు వద్దనుకునేవాళ్లు మొత్తం తీయించనవసరం లేదు. తాత్కాలికంగా ఆపే సౌకర్యం నియమాల్లోనే ఉంది. దీనికీ 15 రోజుల ముందు చెప్పాలి. ఆపినందుకు, మళ్లీ తెరిచినందుకు ఏమైనా రుసుము ఉంటే కంపెనీ దాన్ని ముందుగా ప్రకటించాలి.

పూర్తిగా తీసేసి ఫోన్ యాప్‌ల మీదకు మారాలనుకునే ఇంట్లో ఎవరు ఏం చూస్తారన్నది ముందే రాసుకుని చూడాలి. తెలుగు వార్తా ఛానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా, ఉచితంగా వస్తాయి. వార్తల వరకు కేబుల్ లేని లోటు తెలియదు. సీరియళ్ల దగ్గరే చిక్కు. స్టార్ మా కార్యక్రమాలకు జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. కేబుల్లో ఒక్క బిల్లు కింద వచ్చిన నాలుగు ఛానెళ్లు ఇక్కడ నాలుగు చందాలవుతాయి. డేటా లెక్క కూడా వేసుకోవాలి. హెచ్‌డీలో చూస్తే గంటకు సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. రోజుకు నాలుగు గంటలు టీవీ నడిచే ఇంట్లో అది నెలకు 360 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లానుతో ఇది సాగే పని కాదు, ఇంటికి ఫైబరు ఉండాల్సిందే. ఇంకో సంగతి డబ్బుతో తేలేది కాదు. రిమోట్ మీద ఫలానా నంబరు నొక్కితే ఫలానా ఛానెల్ వస్తుందని పదేళ్లుగా వేలికి అలవాటైన పెద్దవాళ్లను యాప్‌లోకి లాగిన్ అవ్వమనడం వాళ్లను టీవీకి దూరం చేయడమే. అలాంటి ఇంట్లో నెలకు మిగిలే వంద, నూటయాభై రూపాయలను కనెక్షన్ తీయించడానికి కారణంగా చూడకూడదు.

ఖర్చు లేని మధ్యేమార్గం డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైన ఈ డీటీహెచ్‌కు నెల చందా లేదు, ఒక్కసారి డిష్షు, డబ్బా కొనుక్కుంటే చాలు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. తెలుగు వినోద ఛానెళ్ల విషయంలో మాత్రం కేబుల్‌తో పోల్చుకోకూడదు. ఇది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. హైదరాబాదులో అయితే డిష్షు దాదాపు ఆగ్నేయం వైపు చూస్తూ, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తుకు తిరిగి ఉండాలి. అటువైపు పక్క అపార్ట్‌మెంటు అడ్డొస్తే పెట్టి ప్రయోజనం లేదు, డబ్బాలు కొనేముందే మేడెక్కి చూసుకోవాలి.

ఒకే వైరులో మూడు సేవలుంటే

ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి ఇచ్చే ప్లానుతో మొదలైంది. ఇప్పుడు చాలామంది లోకల్ ఆపరేటర్లు టీవీతోపాటు ఏదో ఒక కంపెనీ ఫైబరు ఇంటర్నెట్‌నూ తామే ఇస్తున్నారు. ఇలాంటి చోట "టీవీ ఒక్కటీ తీసెయ్యండి" అంటే మూడు రకాలుగా దెబ్బ తగలొచ్చు. జంట ప్లాను విడిపోయి ఇంటర్నెట్ ధర పెరగొచ్చు. ఫైబరు పెట్టె టీవీ ఖాతా మీద ఇచ్చినదైతే దాన్నీ పట్టుకుపోవచ్చు. లేదా ఆపరేటరు పొరపాటున మొత్తం ఐడీ మూసేస్తే పిల్లల ఆన్‌లైన్ క్లాసు మధ్యలో నెట్ పోతుంది. అందుకే ఉత్తరంలో "టీవీ సేవ మాత్రమే రద్దు, ఇంటర్నెట్ కొనసాగాలి, దాని ప్లాను ఫలానా" అని విడిగా రాయాలి.

వైర్ల జోలికి మీరుగా వెళ్లొద్దు. అపార్ట్‌మెంట్లో మెట్ల పక్కన ఉన్న స్ప్లిటరు నుంచి మూడు నాలుగు ఫ్లాట్లకు తీగలు పోతుంటాయి. మీది అనుకుని కోసింది ఎదురింటిది కావచ్చు. ఫైబరు తీగను అసలే కోయకూడదు, మడవకూడదు. రేపు ఇంకో కనెక్షన్‌కు అదే పనికొస్తుంది. పెట్టె నుంచి ఊడదీసిన ఆకుపచ్చ కనెక్టరుకు ప్లాస్టిక్ టోపీ పెట్టి, అరచేయంత చుట్టగా చుట్టి గోడకు తగిలిస్తే చాలు. దుమ్ము పడిన ఫైబరు కొసే తర్వాత పెట్టె మీద సిగ్నల్ లేదని వెలిగే ఎర్ర లైటుకు కారణమవుతుంది.

డీటీహెచ్

ఇది తేలిక. ముందే డబ్బు కట్టే పద్ధతి కాబట్టి రీచార్జి మానేస్తే ఆగిపోతుంది, బకాయి ఉండదు. చూసుకోవాల్సినవి రెండే. బ్యాంకు ఖాతా నుంచో కార్డు నుంచో ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లో, బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ల పేజీ తెరిచి దాన్ని రద్దు చేయాలి. ఏడాదికి ముందుగా కట్టేసి ఉంటే, మిగిలిన నెలల సొమ్ము సంగతి తేల్చుకున్నాకే రద్దు కోరాలి.

ల్యాండ్‌లైన్: ముందు నంబరు సంగతి

ల్యాండ్‌లైన్ సరెండర్‌లో తిరిగి తెచ్చుకోలేనిది నంబరు. మొబైల్‌కు ఉన్నట్టు ల్యాండ్‌లైన్‌కు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి నంబరు పట్టుకెళ్లే సౌకర్యం మన దేశంలో లేదు. అయితే రాగి తీగ మీద ఉన్న బీఎస్ఎన్ఎల్ నంబరును అదే సంస్థ ఫైబరు మీదకు మార్చుకోవచ్చు. 0866తోనో 0891తోనో మొదలయ్యే పాత నంబరు ముప్పై ఏళ్లుగా చుట్టాలందరి దగ్గరా ఉందనుకునేవాళ్లకు సరెండర్ కంటే ఇదే మేలు. పాత ఫోను సెట్టు పారేయనక్కర్లేదు. ఫైబరు పెట్టె వెనక ఫోను అని రాసి ఉన్న రంధ్రంలో పెడితే మోగుతుంది.

ఒక తేడా మాత్రం తెలుసుకుని మారాలి. రాగి తీగలో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది అందుకే. ఫైబరు తీగలో వచ్చేది వెలుతురు, దానితో ఫోనుకు కరెంటు అందదు. ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఫైబరు పెట్టెకు చిన్న యూపీఎస్ ఒకటి పెట్టాలి. ఎక్కువ పెట్టెలు 12 వోల్టులతో నడుస్తాయి, అయినా అడాప్టరు మీద ఉన్న వోల్టులు, ఆంపియర్లు చదివి అవే ఉన్న యూపీఎస్ కొనాలి.

నంబరు వద్దనే నిర్ణయించుకుంటే, సరెండర్ చేసేలోపు ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో చూసుకోవాలి. గ్యాస్ ఏజెన్సీ, బ్యాంకు, ఎల్ఐసీ పాలసీ, ఆసుపత్రి కార్డు, అపార్ట్‌మెంటు రిజిస్టరు. అదే లైను మీద బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోనుతోపాటు అదీ పోతుంది. కొత్త ఇంటర్నెట్ వచ్చి వారం నడిచాకే దరఖాస్తు పెట్టడం క్షేమం.

దరఖాస్తు ఇచ్చేది బీఎస్ఎన్ఎల్ కస్టమర్ సర్వీస్ సెంటర్లో. తీసుకెళ్లాల్సినవి: కట్టిన చివరి బిల్లు, కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి గుర్తింపు కార్డు నకలు, బ్యాంకు ఖాతా వివరాలకు రద్దు చేసిన చెక్కు, డిపాజిట్టు కట్టిన డిమాండ్ నోటు దొరికితే అది. ఫోను సెట్టు, మోడెమ్ సంస్థవైతే అవీ అప్పగించాలి. మోడెమ్ ఎవరిదో బిల్లే చెబుతుంది. నెలనెలా మోడెమ్ అద్దె అన్న వరుస ఉంటే సంస్థది, లేకపోతే మీరు కొనుక్కున్నదై ఉంటుంది. అద్దె మోడెమ్ ఇవ్వకుండా వస్తే దాని ఖరీదు ఆఖరి బిల్లులో పడుతుంది. పరికరం ఇచ్చినట్టు విడిగా రసీదు అడిగి తీసుకోవాలి. ఎందుకంటే పరికరం తీసుకునే కౌంటరు, లెక్క కట్టే విభాగం, లైను తీసే ఎక్స్ఛేంజి మూడూ వేరు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరడంలోనే ఆలస్యమంతా.

2009 నాటి ట్రాయ్ నాణ్యతా నియమాల్లో కనెక్షన్ మూయడానికి 7 రోజులు, డిపాజిట్టు తిరిగివ్వడానికి 60 రోజులు గడువు పెట్టారు. 2024 అక్టోబరు నుంచి కొత్త నియమావళి వచ్చింది. ఏ లెక్కన చూసినా 60 రోజులు దాటాక ఎదురుచూడాల్సిన పని లేదు. మూసిన తేదీ వరకు ఆ నెల అద్దె లెక్క కట్టి ఆఖరి బిల్లు వస్తుంది, దాన్ని డిపాజిట్టులో మినహాయించుకుని మిగిలింది ఖాతాలో వేస్తారు. ఆటోపే ఉంటే ఆఖరి బిల్లు తేలేదాకా ఉంచి, తర్వాత రద్దు చేయాలి. ముందే తీసేస్తే చిన్న మొత్తం బకాయిగా మిగిలి, దాని మీద ఆలస్య రుసుము చేరుతుంది.

డబ్బు రాకపోతే మొదట కస్టమర్ కేర్ ఫిర్యాదు నంబరు, తర్వాత అదే సంస్థలోని అప్పీలు అధికారి. కేబుల్ విషయంలో నోడల్ అధికారి. ట్రాయ్ నియమాలు చేస్తుంది గానీ ఒక్కొక్కరి ఫిర్యాదులు విచారించదు. అక్కడికి ఉత్తరాలు రాసి నెలలు పోగొట్టుకోకూడదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువ ఉన్న కేసుకు ఫీజు లేదు. టెలికాం వివాదాలు ఈ కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. సంతకం పెట్టించుకున్న ఉత్తరం, పరికరం రసీదు, ఫిర్యాదు నంబరు ఈ మూడూ చేతిలో ఉన్నవాళ్లకు చాలాసార్లు అంతదాకా వెళ్లే పనే పడదు.

కనెక్షన్ చనిపోయినవాళ్ల పేరున ఉంటే

మన ఇళ్లలో ల్యాండ్‌లైన్ ఎక్కువగా తండ్రి పేరునో, తాత పేరునో ఉంటుంది. ఆయన పోయాక కూడా బిల్లు ఆ పేరుతోనే వస్తుంటుంది, ఎవరూ పట్టించుకోరు. సరెండర్ రోజున మాత్రం సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. మరణ ధ్రువపత్రం, వారసత్వాన్ని చూపే పత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న లేఖ తీసుకెళ్తే డిపాజిట్టు ఒకరి ఖాతాకు వేస్తారు. కనెక్షన్ ఉంచుకోవాలనుకుంటే ఇవే కాగితాలతో పేరు మార్పించుకోవచ్చు. ఫోను కోసం ఏళ్లతరబడి వరుసలో నిలబడిన రోజుల్లో ఎక్కువ డిపాజిట్టు కట్టి ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) పథకం కింద కనెక్షన్ తీసుకున్న కుటుంబాలున్నాయి. ఆ రసీదు ఇనప్పెట్టెలో ఇంటి పన్ను కాగితాల మధ్య ఉండే అవకాశం ఎక్కువ. దొరికితే లామినేషన్ చేయించొద్దు. అసలు కాగితాన్ని కౌంటర్లో అప్పగించాల్సి రావచ్చు, దాని మీద ముద్ర పడాల్సి రావచ్చు. రెండు నకళ్లు తీయించి, అసలును కవరులో పెట్టుకుని వెళ్లాలి.